మాల్‌కి కొత్త ముఖం

మన సంఘం పత్రికకి వ్యాసం రాయమంటే సాధారణంగా పండుగల గురించో, పిల్లలకి తెలుగు నేర్పడం గురించో, ఇండియా వెళ్ళివచ్చిన ముచ్చట్ల గురించో రాస్తాం. ఈసారి నేను ఒక షాపింగ్ మాల్ గురించి రాస్తున్నాను. "శనివారం పాలూ రొట్టే కొనుక్కునే చోటు గురించి రాయడానికేముందయ్యా?" అని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఈ దేశం వచ్చాక మనం గుడికి ఎన్నిసార్లు వెళ్ళాం, సంఘం సమావేశాలకి ఎన్నిసార్లు వచ్చాం, మాల్‌కి ఎన్నిసార్లు వెళ్ళాం? మూడో అంకె మొదటి రెండింటికీ ఎన్నో రెట్లు ఉంటుంది. మరి అంత కాలం గడిపిన చోటు మన కళ్ళ ముందే మారిపోతే, అందులో మనకి సంబంధించింది ఏం మారిందో ఒకసారి చూసుకోవడం తప్పు కాదనుకుంటాను.

ముందుగా మా ఊరి సంగతి. పాపటోయిటోయి పేరు వినగానే ఇండియా నుంచి వచ్చిన బంధువులందరూ రెండోసారి చెప్పమంటారు. మావొరీ భాషలో పాప అంటే చదునైన నేల, టోయిటోయి అంటే తెల్లటి కుచ్చులు వేసే పొడుగు గడ్డి. మన గోదావరి లంకల్లో రెల్లు పూసినట్టే ఉంటుంది. అంచేత మా వాళ్ళకి నేను "రెల్లుగడ్డి మైదానం" అని అనువాదం చెప్పేస్తాను. 1875లో ఇటు రైలు వచ్చింది. తరువాత చాలా కాలం పాడి పశువులూ పండ్ల తోటలే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇళ్ళు పెరిగి 1946లో బరో, 1965లో సిటీ అయింది. 1989లో మనుకౌలో, 2010లో ఆక్లాండు కౌన్సిల్లో కలిసిపోయింది. ఇంత చిన్న ఊరికి రెండు నడిబొడ్డులు. రైలు స్టేషను దగ్గర సెయింట్ జార్జి వీధి ఉన్నది పాత పాపటోయిటోయి. గ్రేట్ సౌత్ రోడ్డు మీద ఉన్నది హంటర్స్ కార్నర్. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వాళ్ళూ దానవాయిపేట వాళ్ళూ ఎవరికి వారు తమదే అసలు ఊరనుకున్నట్టు, ఇక్కడా రెండు వైపుల వాళ్ళూ తమదే అసలు ఊరంటారు.

మాల్ అనేది ఈ దేశానికి పాత సంప్రదాయమేమీ కాదు. 1958లో టామ్ ఆ చీ అనే చైనా సంతతి పళ్ళ వ్యాపారి తన భాగస్వాములతో కలిసి పక్కనున్న ఒటాహూహులో మొదటి ఫుడ్‌టౌన్ సూపర్‌మార్కెట్ తెరిచాడు. కారు నిలుపుకోవడానికి బోలెడు చోటు, బండి తోసుకుంటూ మనకి మనమే సరుకు తీసుకోవడం అప్పటికి వింత. 1963లో న్యూ లిన్‌లో లిన్‌మాల్ వచ్చింది. ఈ దేశంలో మొదటి మాల్ అదే. 1976లో మాకు దక్షిణాన, పొలాల మధ్య మనుకౌ సిటీ సెంటర్ లేచింది. ముందు ఊరు పుట్టి తరువాత బజారు రావడం మనకి తెలుసు. అక్కడ ముందు బజారు కట్టి ఊరుని తరువాత రమ్మన్నారు. హంటర్స్ కార్నర్‌లో హంటర్స్ ప్లాజా 1990ల మొదట్లో వచ్చింది.

మనకంటే ముందు, డెబ్బైలలో వచ్చిన డాక్టర్లూ ఇంజనీర్లూ టీచర్లూ అప్పటి శని ఆదివారాల గురించి చెబితే నమ్మబుద్ధి కాదు. శుక్రవారం సాయంత్రంతో ఊరు తలుపులు మూసుకునేదట. శనివారం దుకాణాలు తెరవడానికి 1980లో గాని చట్టం ఒప్పుకోలేదు. ఆదివారం తెరవడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. వారంలో ఒక్కరోజు రాత్రి దుకాణాలు పొద్దుపోయేదాకా తెరిచి ఉంచేవారు. ఆ రాత్రి జనమంతా సంతకి వెళ్ళినట్టు వెళ్ళేవారట. ఒక పెద్దావిడ నాతో అన్న మాట: "బాబూ, ఆ రోజుల్లో మరో చీర కట్టిన మనిషిని చూడాలంటే ఆ ఒక్క రాత్రే. కొనేదేమీ లేకపోయినా వెళ్ళేదాన్ని."

కొనేదేమీ లేకపోయినా వెళ్ళడం. నా వ్యాసమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

మాల్‌ని కనిపెట్టిన మహానుభావుడికి కూడా ఉద్దేశం అదేనట. విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి వియన్నాలో పుట్టి, 1938లో నాజీల బాధ పడలేక అమెరికా చేరాడు. 1956లో మినెసోటాలో సౌత్‌డేల్ అనే మొదటి మూత వేసిన మాల్ కట్టాడు. కార్ల మీద తప్ప మనిషి మొహం మనిషి చూడని అమెరికా పేటల్లో, తన వియన్నాలో లాగా జనం కూర్చుని కాఫీ తాగి కబుర్లాడుకునే ఊరి చావడి ఒకటి ఉండాలని ఆయన కల. మాల్ చుట్టూ ఇళ్ళూ బడీ ఆసుపత్రీ పార్కూ రావాలన్నాడు. వచ్చినవి దుకాణాలూ కార్లు నిలిపే తారు మైదానాలూ. చివరి రోజుల్లో ఆయనే ఈ మాల్స్ నా బిడ్డలు కావు పొమ్మన్నాడు. తండ్రి వదిలేసిన ఆ బిడ్డల్ని మా దక్షిణ ఆక్లాండులో పెంచింది ఎవరంటే, ముసలివాళ్ళు. ఆ సంగతి మా నాన్నగారి వల్ల నాకు తెలిసింది.

మేం 1996లో వచ్చాం. 1991లో పెట్టిన పాయింట్ల పద్ధతి పుణ్యమా అని ఆ ఏళ్ళలో మనలాంటి వాళ్ళం చాలామందిమి వచ్చాం. అమ్మ పోయాక, 2004లో నాన్నగారిని తీసుకొచ్చాం. ఆయన కాకినాడలో హైస్కూల్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అక్కడ సాయంత్రం అయిదయ్యేసరికి చేతికర్ర పట్టుకుని గాంధీనగరం పార్కుకి వెళ్ళి, ఎనిమిదింటికి లోకంలో జరిగినవన్నీ తేల్చి ఇంటికి వచ్చేవారు. ఇక్కడ పొద్దున్న ఏడున్నరకి మేమిద్దరం ఉద్యోగాలకీ పిల్లలు బడికీ వెళితే, సాయంత్రం దాకా ఆయనకి గోడలే దిక్కు. వీధిలోకి వెళితే కంచెలూ గడ్డీ తప్ప మనిషి లేడు. మొదటి చలికాలం ఆయన నాతో ఫిర్యాదు ఏమీ చెయ్యలేదు. రోజూ మా ఉత్తరాల పెట్టె దాకా నడిచి, అందులో వచ్చిన పిజ్జా ప్రకటనలు కూడా పూర్తిగా చదివి మడతపెట్టి పెట్టేవారు. అది చూసి నాకు భయం వేసింది.

అప్పుడు దొరికింది ఆ మాల్. మా ఇంటి నుంచి బస్సులో వెళ్ళగలిగినంత దూరం. పైన చెప్పిన మాల్స్‌లో అది ఏదీ కాదు, పేరు చెప్పదలుచుకోలేదు. అలాంటివి ఈ దక్షిణపు పేటల్లో అప్పుడు చాలానే ఉండేవి. గోధుమరంగు పలకలు, పల్చటి కప్పు, వాన వస్తే రెండు చోట్ల బకెట్లు. నడిమధ్య ఇటుకల తొట్టెలో ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతికే మొక్కలు. తొట్టె చుట్టూ వీపు ఆనించుకునే చెక్క బెంచీలు. ఒక మూల చెప్పులు బాగుచేసి తాళంచెవులు కోసే అతను, ఒక మూల గుడ్డలు గజాల లెక్కన అమ్మే దుకాణం, పోస్టాఫీసు, మందుల షాపు, లాటరీ టికెట్ల కౌంటరు, వెనక ద్వారం దగ్గర ఒక ఫిజీ గుజరాతీ కుటుంబం నడిపే చీరలూ అగరొత్తుల కొట్టు. వాస్తు చూసినా అందం చూసినా మెచ్చుకునేదేమీ లేదు. నాన్నగారు మాత్రం మొదటిరోజే ఆ బెంచీ మీద కూర్చుని, "ఇది బాగుందిరా" అన్నారు.

వారం తిరిగేసరికి ఆయనకి అక్కడ ఒక సభ ఏర్పడింది. ఒటాహూహు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక తెల్లాయన. మనవడిని బడి నుంచి తీసుకెళ్ళడానికి గంట ముందే వచ్చి కూర్చునే ఒక సమోవా పెద్దావిడ. రోజూ ఊలు అల్లుకునే ఒక పంజాబీ బామ్మ. అందరిలోకీ ముఖ్యుడు, ఒక ఫిజీ ఆయన.

ఫిజీ తెలుగువాళ్ళ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెరకు తోటల్లో పనికి 1879 నుంచి 1916 దాకా ఇండియా నుంచి కూలీలని ఓడల్లో తీసుకెళ్ళారు. అగ్రిమెంటు అన్న మాటే వాళ్ళ నోట గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది వాళ్ళు కూడా వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. అక్కడ 1926లో దక్షిణాది వాళ్ళందరికీ ఒక సంగం, 1941లో ఆంధ్రులకి ప్రత్యేకంగా ఒక సంగం పెట్టుకున్నారు, బళ్ళు కట్టుకున్నారు. భాష మాత్రం తరం తరానికీ జారిపోయి ఫిజీ హిందీ మిగిలింది. 1987లోనూ 2000లోనూ జరిగిన తిరుగుబాట్ల తరువాత వేలమంది ఇక్కడికి వచ్చారు. పాపటోయిటోయి ఈ రోజు ఇలా ఉందంటే అందులో సగం చలవ వాళ్ళది. మనం చేమదుంప అనేదాన్ని డాలో అని అమ్ముతూ, దాని ఆకుల్ని రూరూ అని కట్టలు కట్టి పెట్టి, మన నోటికి కావలసినవి మనకంటే ముందే ఈ ఊరికి తెచ్చిపెట్టింది వాళ్ళే.

ఆ ఫిజీ ఆయనకి తెలుగు ఒక పాతిక మాటలు వచ్చు. బువ్వ, నీళ్ళు, అమ్మ, ఇటు రా, పడుకో, ఏడవకు. అన్నీ చిన్నప్పుడు నాయనమ్మ ఒడిలో విన్నవి. పెద్దవాళ్ళ మాట ఒక్కటీ లేదు. మొదటిరోజు ఆయన నాన్నగారిని చూసి "బువ్వ తిన్నావా?" అని అడిగాడట. కాకినాడలో ఎవరైనా లెక్కల మాస్టారుని అలా అడిగితే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇక్కడ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఫిజీ ఆయన తాతగారిది విశాఖపట్నం జిల్లా అని కాగితాల్లో ఉందిట. "అయితే ఎక్కడో అక్కడ చుట్టరికం కలవకపోదు" అని నాన్నగారు ఆయన్ని బావగారూ అని పిలవడం మొదలెట్టారు. ఆయన నాన్నగారిని మాస్టర్‌జీ అనేవాడు. ఒకరికి ఇంగ్లీషు తెలుగు, ఒకరికి ఫిజీ హిందీ; మధ్యలో క్రికెట్. అలా తొమ్మిదేళ్ళు నడిచింది. 2007లో పెద్దవాళ్ళకి సూపర్‌గోల్డ్ కార్డు వచ్చి, మరుసటి ఏడు నుంచి రద్దీ లేని వేళల్లో బస్సులూ రైళ్ళూ ఉచితం అయ్యాక సభ ఇంకా పెరిగింది. తొమ్మిది దాటితే బస్సు ఎక్కేవారు. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చి, ఆ రోజు విన్నవన్నీ రాత్రి మాకు వార్తల్లాగా చదివేవారు.

తరువాత ఒకరోజు మాల్ తలుపుల మీద కాగితాలు అంటించారు. కొత్త రూపం రాబోతోంది, మీ అసౌకర్యానికి విచారిస్తున్నాం, పనులు జరుగుతున్నా దుకాణాలు తెరిచే ఉంటాయి.

ఈ కొత్త రూపాలు ఎందుకు వస్తాయో కాస్త చెప్పాలి. మాల్ యజమానికి రాబడి చదరపు మీటర్ల లెక్కన వచ్చే అద్దె. పెద్ద సూపర్‌మార్కెట్టూ పెద్ద బట్టల దుకాణమూ జనాన్ని లాక్కొస్తాయి గనక వాటికి మీటరు అద్దె తక్కువ. ఆ వచ్చే జనం మీద ఆధారపడే చిన్న కొట్లకి మీటరు అద్దె ఎక్కువ. పది పదిహేనేళ్ళకి భవనం పాతబడుతుంది. పక్క పేటలో కొత్త మాల్ వస్తుంది. 2006లో మౌంట్ వెలింగ్టన్‌లో సిల్వియా పార్కు తెరిచాక దక్షిణాన ఉన్న ప్రతి మాల్‌కీ ఆ దిగులు పట్టుకుంది. అప్పుడు యజమాని అప్పు తెచ్చి కొత్త కప్పు, కొత్త దీపాలు, కొత్త పలకలు వేస్తాడు. ఆ ఖర్చు తిరిగి రావాలంటే అద్దె పెంచాలి. లీజు తిరగరాసేటప్పుడు చిన్న కొట్టువాడిని నీ ముంగిలి కూడా కొత్త పద్ధతిలో నీ ఖర్చుతో కట్టుకో అంటాడు. చాలా లీజుల్లో, భవనం తిరిగి కట్టవలసి వస్తే నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు అన్న షరతు కూడా ఉంటుంది. నలభై ఊళ్ళలో శాఖలున్న కంపెనీ ఇదంతా భరిస్తుంది. తాళంచెవులు కోసే అతను భరించలేడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, కూడికలూ తీసివేతలే. అయితే ఆ కూడికల్లో బెంచీ ఎక్కడా రాదు. బెంచీ అద్దె ఇవ్వదు. అదే చోట ఫోన్ తొడుగులు అమ్మే బల్ల పెడితే ఇస్తుంది.

ఏడాది పాటు ప్లైవుడ్డు గోడల మధ్య నడిచాక మాల్ కొత్తగా బయటపడింది. ఉన్నమాట చెప్పుకోవాలి, చాలా బాగుంది. కప్పులో అద్దాలు పెట్టి సూర్యుడిని లోపలికి తెచ్చారు. బకెట్లు పోయాయి. మరుగుదొడ్లు ఇంట్లో వాటికంటే శుభ్రం. చక్రాల కుర్చీకి ర్యాంపులు, పసిపిల్లల తల్లులకి పాలిచ్చుకోవడానికి విడిగా గది. మా ఆవిడ పిల్లల్ని ఎత్తుకుని పాత మాల్‌లో పడ్డ అవస్థ గుర్తు చేసుకుని, "ఇది అప్పుడే ఉంటే బాగుండేది" అంది. మా అమ్మాయి మొదటి ఉద్యోగం, సెలవుల్లో కాఫీ అందించడం, ఆ కొత్త ఫుడ్ కోర్టులోనే. తన మొదటి జీతంతో తాతగారికి ఒక ఉన్ని టోపీ కొనిపెట్టింది. అంచేత పాతదంతా బంగారం, కొత్తదంతా ఇత్తడి అని నేను అనడం లేదు.

కానీ బెంచీలు లేవు. వాటి చోట గుండ్రటి దిమ్మల్లాంటివి మూడు పెట్టారు. వీపు ఆనడానికి లేదు, లేవడానికి పట్టుకునే చెయ్యి లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మోకాళ్ళకి అవి కూర్చునే వస్తువులు కావు. ఫుడ్ కోర్టులో కుర్చీలున్నాయి. అవి కొనుగోలుదారులకి మాత్రమేనని బల్ల మీద రాసి ఉంది. నాన్నగారూ బావగారూ చెరొక టీ కొనుక్కుని కూర్చుంటే, గంట తరువాత ఒక కుర్ర గార్డు వచ్చి, చాలా మర్యాదగానే, భోజనాల వేళ అవుతోంది, చోటు కావాలి అన్నాడట. ఆ మాటలో తప్పేమీ లేదు. ముప్పై అయిదేళ్ళు క్లాసులో నిలబడి పిల్లల్ని కూర్చోమని చెప్పిన మనిషిని ఎవరూ అంతకుముందు లేవమనలేదు, అంతే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "మనం కొనని రోజున ఆ చోటు మనది కాదురా" అన్నారు. మళ్ళీ వెళ్ళలేదు.

సభ చెదిరిపోయింది. చెదిరిపోయిందని మాకు వెంటనే తెలియలేదు. నాన్నగారు మళ్ళీ ఉత్తరాల పెట్టె దాకా నడవడం, ప్రకటనలు మడతపెట్టడం మొదలయ్యాయి. నాలుగు నెలల తరువాత ఒక శనివారం మా ఆవిడ మాల్‌కి వెళితే, లాటరీ కౌంటరావిడ ఆమెని పోల్చి పిలిచింది. అన్ని మార్పుల్లోనూ నిలిచిన పాత మొహం ఆవిడ ఒక్కతే. "మీ మామగారి స్నేహితుడు, ప్రతి శనివారం టికెట్ కొనే ఆయన, పోయారు, తెలుసా?" అంది. అప్పటికి పదకొండు రోజులైంది.

తొమ్మిదేళ్ళ స్నేహం. ఆయన ఇల్లెక్కడో మాకు తెలియదు. ఫోన్ నంబరు తెలియదు. పేరు కూడా తెలియదు. బావగారు, మాస్టర్‌జీ అంతే. ఫిజీలో చాలామందికి తాత పేరో తండ్రి పేరో ఇంటిపేరై నిలిచిపోయింది గనక, ఇంటిపేరు విన్నా ఎవరన్నది మనకి అంతుపట్టదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే రేపు పది గంటలకి ఆ మనిషి ఆ బెంచీ మీద ఉంటాడు. బెంచీయే చిరునామా, బెంచీయే టెలిఫోను. ఒకరు రెండు రోజులు కనబడకపోతే మూడోరోజు మిగతావాళ్ళు వాకబు చేసేవారు. దాన్ని తీసేస్తే ఎన్ని తీగలు తెగుతాయో బొమ్మ గీసిన ఆర్కిటెక్టుకి తెలిసే అవకాశం లేదు.

లాటరీ కౌంటరావిడ ద్వారానే వాళ్ళ కోడలి నంబరు సంపాదించి, పదమూడో రోజుకి వెళ్ళాం. ఇల్లు మా ఇంటికి రెండు కిలోమీటర్లు లేదు. ఆ హాల్లో పటం కింద పూర్తిపేరు రాసి ఉంటే నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని నెమ్మదిగా చదివారు. అప్పన్న అన్న మాట చూసి, "మన సింహాచలం పేరే" అన్నారు. కోడలు వచ్చి, "మీరేనా మాస్టర్‌జీ? ఆసుపత్రిలో మిమ్మల్ని తలుచుకున్నారు. ఎవరో, ఎక్కడుంటారో మాకు తెలియలేదు" అంది. నాన్నగారు ఏమీ అనలేదు. భోజనాలయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళి, "నువ్వు బువ్వ తిన్నావా అమ్మా?" అని అడిగారు. ఆ పిల్లకి ఆ ఒక్క మాటా అర్థమైంది.

ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. తరువాత మాల్స్ మారిన తీరు నేను కాస్త శ్రద్ధగా చూస్తూ వచ్చాను. ఆక్లాండు నడిబొడ్డున డెబ్బైలలో కట్టిన డౌన్‌టౌన్ మాల్‌ని 2016లో పూర్తిగా పడగొట్టేశారు. భూగర్భ రైలు సొరంగం దాని కింద నుంచే వెళ్ళింది. పైన 2020లో కమర్షియల్ బే వచ్చింది. చిన్న చిన్న కానుకల కొట్లు ఉన్నచోట ఇప్పుడు పేరుమోసిన బ్రాండ్లు ఉన్నాయి. మా ఊళ్ళో సూపర్‌మార్కెట్ల బోర్డులూ మారాయి. ఫుడ్‌టౌన్ పేరు 2010 తరువాత మాయమై కౌంట్‌డౌన్ అయింది. 2023లో దాన్నీ తీసి వూల్‌వర్త్స్ పెడతామన్నారు, పెట్టారు. బోర్డు మారినా జనం మునుపటిలాగే వెళ్తున్నారు. బోర్డు మారితే చోటు మారదు. కూర్చునే వీలు పోతే మారుతుంది.

ఇంకొకటి కూడా గమనించాను. మాల్‌లో అద్దె కట్టలేక బయటికి వచ్చిన చీరల కొట్టు మూతపడలేదు. రోడ్డు మీద ఒక పాత కొట్టు తీసుకుంది. ఇవాళ హంటర్స్ కార్నర్‌లో గ్రేట్ సౌత్ రోడ్డు వెంట నడిస్తే మిఠాయిలు, చీరలు, నగలు, పచారీ కొట్లు వరసగా కనిపిస్తాయి. దీపావళి ముందు అటు కారు నిలపడానికి చోటు దొరకదు. జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే అమెరికా నగరాల గురించి ఈ సంగతి రాసింది. కొత్తగా వచ్చినవాళ్ళూ, కొత్త వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళూ బతకాలంటే ఊళ్ళో కొన్ని పాత, తక్కువ అద్దె భవనాలు మిగలాలని ఆవిడ వాదన. మాల్ మెరుగుపడిన కొద్దీ మన ఊరి రంగూ వాసనా దాని గోడలు దాటి రోడ్డు మీదికి వచ్చాయి. పాత పాపటోయిటోయిలో కూడా పాత మాల్‌కీ చుట్టుపక్కల స్థలాలకీ కొత్త రూపం ఇచ్చే పని కౌన్సిల్ పట్టణాభివృద్ధి సంస్థ చేపట్టింది. కౌన్సిల్ చేతిలో ఉన్న పనికి ఒక సుగుణం ఉంది: బెంచీ ఏదయ్యా అని అడిగే హక్కు మనకుంటుంది.

బాగు చెయ్యడమంటే చెరిపెయ్యడమే కానక్కర్లేదు. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ చూసినవాళ్ళకి ఈ మాట తెలుస్తుంది. 1935లో నిజాము తన రెండో కొడుకు పేరు మీద రాతితో కట్టించిన బజారు అది. నా చదువు రోజుల్లో అక్కడ ఐస్‌క్రీమ్ తినేటప్పుడు గోడల మీద రాయి కనబడేది కాదు. బోర్డులూ రేకు చూర్లూ పొగ మసీ. 2018లో పని మొదలుపెట్టి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. రాయిని కడిగారు, గడియారం బాగుచేశారు, రేకులు పీకేశారు. ఐస్‌క్రీమ్ కొట్లని మాత్రం పీకెయ్యలేదు. సాయంత్రం పూట ఇప్పటికీ జనం ముంగిట్లో కూర్చుని తింటారు. అక్కడ కూడా ఇబ్బంది పడ్డ వ్యాపారులు ఉండే ఉంటారు. అయినా బాగు చేసేవాళ్ళు ముందు అడిగిన ప్రశ్న, ఇక్కడికి జనం ఎందుకు వస్తున్నారు అని. మా మాల్‌లో అడిగిన ప్రశ్న, ఇంకెవరిని రప్పించాలి అని.

మేం కొందరం కలిసి మాల్ యాజమాన్యానికి ఉత్తరం రాశాం. తెల్లాయనా సమోవా ఆవిడా కూడా సంతకాలు పెట్టారు. మర్యాదగా జవాబు వచ్చింది. ఎనిమిది నెలలకి మందుల షాపు ముందు వీపూ చేతులూ ఉన్న బెంచీ ఒకటి వచ్చింది. ఇద్దరు పడతారు, సర్దుకుంటే ముగ్గురు. గెలిచామనను, మోకాళ్ళ నొప్పితో మందులకి వచ్చినవాళ్ళు కూర్చోగలుగుతున్నారు, అది చాలు.

నాన్నగారు దాని మీద కూర్చోలేదు. ఆయన పాపటోయిటోయి లైబ్రరీలో పత్రికల బల్ల దగ్గర చోటు చూసుకున్నారు. అక్కడ ఎవరూ ఏమీ కొనక్కర్లేదు, ఎవరూ లేవమనరు. ముందు ఆయన ఒక్కరే. తరువాత పంజాబీ బామ్మ ఊలుతో సహా వచ్చింది. తరువాత తెల్లాయన. ఈసారి నాన్నగారు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నారు. లెక్కల మాస్టారు గనక గీతలు కొట్టి, గళ్ళు వేసి, ఒక్కొక్కరి పూర్తిపేరు, ఇల్లు, ఫోను, కొడుకో కూతురో కోడలో వాళ్ళ ఫోను రాసుకున్నారు. కొత్తగా ఎవరు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నా, నమస్కారం తరువాత మొదటి పని అదే. 2019లో ఆయన పోయినప్పుడు ఆ పుస్తకం చూసి నేను ఇరవై ముగ్గురికి ఫోన్ చేశాను. పందొమ్మిదిమంది వచ్చారు.

మన సంఘంలో సభ్యుల జాబితా ఉంది. అందులో ఉన్నవి మన పేర్లే. మన ఇళ్ళల్లో ఉండే అమ్మల, నాన్నల, అత్తమామల పేర్లు లేవు. చందా కట్టేది మనం గనక. ఈ ఉగాదికి జాబితా తిరిగి వేసేటప్పుడు వాళ్ళ పేర్లకీ, వాళ్ళ స్నేహితుల పేర్లకీ ఒక గడి పెడదామని కార్యవర్గానికి నా మనవి. ఎవరు ఏ ఊరివారో, పొద్దున పూట ఎక్కడ కూర్చుంటారో కూడా రాస్తే ఇంకా మంచిది. పుస్తకం నా దగ్గరే ఉంది. గళ్ళు ఎలా వెయ్యాలో అందులో చూసుకోవచ్చు.